నీడనిచ్చు గుడ్డగోడ

వేసవికాలమున మధ్యాహ్నము మూడు గంటలవేళ దిల్‌సుఖ్‌నగర్ కూడలి నుండి ఎల్.బి.నగర్ వైపు నడచిపోవు మనిషికి ఒక సంగతి అనుభవముమీద తెలిసివచ్చును. దారికి కుడిచేతి వరుసలో భవనముల నీడ యుండును. ఎడమచేతి వరుసలో ఉండదు. ఆ దారి వాయవ్యము నుండి ఆగ్నేయమునకు ఏటవాలుగా సాగినది. అందుచేత ఎడమ వరుసలోని భవనములన్నియు నైరుతి దిక్కునకు ముఖము పెట్టుకొని యున్నవి. మధ్యాహ్నము మొదలు ప్రొద్దుగూకువరకు ఎండ వాటి ముఖమున కొట్టుచునే యుండును. దిల్‌సుఖ్ అనగా మనసునకు సుఖము. కాని ఆ వేళ ఆ గోడలప్రక్క నిలుచున్న వానికి ఆ పేరు వేళాకోళముగా తోచును.

ఆ వరుసలోని దుకాణదారులు ఏమి చేయుచున్నారో చూడుడు. ఒకరు ఆకుపచ్చని వల కట్టుదురు. ఒకరు నీలిరంగు టార్పాలిన్ పట్టాను చూరునకు బిగింతురు. మరియొకరు పాత ఫ్లెక్సు బోర్డును తిరగవేసి గుంజలకు కట్టుదురు. వీరెవ్వరును ఒకరినొకరు సంప్రదింపలేదు. అయినను అందరును ఒకే సమాధానమునకు వచ్చినారు. ఎండ గోడను తాకిన తరువాత దానితో పోరాడుట వ్యర్థము. తాకకముందే గుడ్డతో ఆపవలెను. ఈ సమాధానము సరియైనదే. దీనిని శాస్త్రీయముగా, పదికాలములపాటు నిలుచునట్లు, ఒక ప్రజాభవనమునకు ఎట్లు అమర్చవచ్చును? ఒక గ్రంథాలయమో, ఆసుపత్రియో, పురపాలక కార్యాలయమో ఈ దారిలో నైరుతిముఖముగా ఉన్నదనుకొని, దాని ముందు తేలికయైన గుడ్డగోడను కట్టు విధానమును ఈనాటి ప్రసంగములో ఆలోచింతము. ఇంజనీర్లు దీనిని టెన్సైల్ మెంబ్రేన్ అందురు. మనము బిగువుగుడ్డ అందము.

గుడ్డతో కట్టుట మనకు క్రొత్తవిద్య కాదు. పెండ్లికి షామియానా, వేసవికి చలువపందిరి లేని ఊరు తెలుగుదేశమున లేదు. 1885లో కడపజిల్లా సురభి గ్రామమున పుట్టిన నాటక సమాజములవారు ఊరూర గుంజలు పాతి రంగశాలలు నిలిపినారు. సర్కసు డేరాలను చూడనివారు మనలో అరుదు. అయితే డేరాకు ఒక సౌలభ్యము కలదు. గాలివాన వచ్చు సూచన కనబడినచో పదిమంది చేరి త్రాళ్ళు విప్పి దింపివేయుదురు. ప్రజాభవనము ముందు కట్టిన గుడ్డను అర్ధరాత్రివేళ దింపువారెవరు? అది తనంతట తాను నిలువవలెను. డేరాకును కట్టడమునకును గల భేదమిదే.

ఈ భేదమును మేము పుస్తకములనుండి గాక, మా తప్పువలన నేర్చుకొంటిమి. కొన్ని సంవత్సరముల క్రిందట ఈ ప్రాంతముననే ఒక కార్యాలయమువారు, కిటికీవద్ద వరుసలో నిలుచు జనమునకు నీడ కావలెనని మమ్ము అడిగిరి. వచ్చువారిలో వృద్ధులు ఎక్కువ. మేము నాలుగు ఉక్కు గుంజలు పాతించి, వాటిమధ్య మంచి పూతగుడ్డను బల్లపరుపుగా, ఎక్కడను ముడుత లేకుండ బిగించి కట్టించితిమి. చూచినవారు మెచ్చుకొనిరి. రెండు నెలలు నీడ చక్కగా నిలిచినది. జూన్‌లో మొదటి పెద్దవాన కురిసినపుడు గుడ్డనడుమ నీరు దోసెడంత నిలిచినది. ఆ బరువునకు గుడ్డ క్రుంగినది. క్రుంగినకొలది మరింత నీరు చేరినది. అరగంటలో అది నిండుచూలాలి కడుపువలె వ్రేలాడి, ఒక మూల తెగి, నీరంతయు ఒక్కసారిగా వరుసపై కూలినది. అదృష్టవశమున ఎవరికిని దెబ్బ తగులలేదు. మరునాటినుండి ఆ వరుస తిరిగి ఎండలోనికి వచ్చినది. గుడ్డ మంచిదే, కట్టినవాడు కూడ గట్టిగానే కట్టినాడు. తప్పు మేమిచ్చిన ఆకారములో నున్నది.

ఆకారమునకును బలమునకును సంబంధమేమి? రాయి, ఇటుక నొక్కుడును భరించును. ఉక్కుదూలము నొక్కుడును, లాగుడును, వంపును భరించును. గుడ్డ ఒక్క లాగుడును మాత్రమే యెరుగును. దానిని లాగి యుంచినంతకాలము అది గోడయే; లాగుడు పోయిన మరుక్షణమే అది గాలికి కొట్టుకొను గుడ్డపేలిక. కనుక దానిని రెండు దిక్కులనుండియు ఎల్లప్పుడును లాగి యుంచవలెను. మన నులకమంచమును తలచుకొనుడు. నులక రెండువైపుల అల్లియుండుటచేతనే మనిషి బరువును మోయుచున్నది. కాళ్ళవైపు త్రాడు వదులైనచో మంచము కుక్కిమంచమగును.

అయితే నులకమంచము బల్లపరుపుగా నున్నది గదా, గుడ్డ ఏల ఉండరాదు? బల్లపరుపు గుడ్డపై గాలి నొక్కినపుడు దానిని ఎదిరించుటకు గుడ్డలో విపరీతమైన లాగుడు పుట్టవలసి యుండును. బావినుండి నీరు తోడు త్రాడును ఇద్దరు రెండుకొనల పట్టి నిలువునా సాగలాగుచుండగా, మూడవవాడు నడుమ వ్రేలితో నొక్కినచో ఇద్దరును తూలుదురు. అదే త్రాడు కొంచెము వంపుగా నున్నచో ఆ వ్రేలు వారినేమియు చేయజాలదు. లెక్క సులభము. గుడ్డలోని లాగుడు, గాలి ఒత్తిడిని వంపు వ్యాసార్ధముతో గుణించినంత. వంపు ఎక్కువైనకొలది వ్యాసార్ధము తగ్గును, లాగుడును తగ్గును.

హైదరాబాదునకు మన జాతీయ ప్రమాణ గ్రంథము నిర్ణయించిన మూలవాయువేగము సెకనుకు 44 మీటర్లు. అనగా గంటకు 158 కిలోమీటర్లు. అది ప్రతిదినము వీచు గాలి కాదు. ఏబది యేండ్లలో ఒకమారు రాదగిన విసురు. ఆ వేగమున గాలి నిలువుగోడపై చదరపు మీటరునకు సుమారు 118 కిలోల ఒత్తిడి చూపును. గుడ్డ వంపు వ్యాసార్ధము 10 మీటర్లైనచో, మీటరు వెడల్పు పట్టీలో 1.2 టన్నుల లాగుడు పుట్టును. వ్యాసార్ధము 50 మీటర్లైనచో, అనగా కంటికి ఇంచుమించు బల్లపరుపుగా కనబడినచో, అది దాదాపు 6 టన్నులగును. సామాన్యమైన పి.వి.సి. పూతగల పాలిస్టరు గుడ్డ తెగు హద్దు కూడ మీటరునకు ఇంచుమించు 6 టన్నులే. గాలివానలో ఫ్లెక్సు బోర్డులు ఏల చిరుగునో దీనివలన గ్రహింపవచ్చును.

ఒకే దిక్కునకు వంచినను చాలదు. గాలి ముందునుండి నొక్కును, వెనుకనుండి పీల్చును. కావున ఒక దిక్కున వెలికి, రెండవ దిక్కున లోనికి వంగిన ఆకారము కావలెను. గుర్రపు జీను అట్టి ఆకారము. గాలి నొక్కినపుడు ఒక వరుస దారములు పనిచేయును. పీల్చినపుడు రెండవ వరుస దారములు పనిచేయును. ఈ ఆకారమును చిత్రకారుడు తనకు తోచినట్లు గీయరాదు. అంచులను నిర్ణయించినపిదప లోపలి ఆకారమును బిగువే నిర్ణయించును. జర్మనీదేశపు వాస్తుశిల్పి ఫ్రై ఆటో ఈ సత్యమును సబ్బునీటి పొరలతో కనుగొనెను. తీగచట్రమును సబ్బునీట ముంచి తీసినపుడు నిలుచు పొర అన్ని దిక్కుల సమానమైన బిగువుగల ఆకారము. ఆయన 1955లో కాసెల్ నగరపు ఉద్యాన ప్రదర్శనమున సంగీతవేదికపై నూలుగుడ్డతో నాలుగుకొనల తెరచాపను నిలిపినాడు. 1972లో మ్యూనిక్ ఒలింపిక్ క్రీడారంగపు పైకప్పు రూపకల్పనలో పాల్గొన్నాడు. అక్కడ గుడ్డకు మారుగా ఉక్కుత్రాళ్ళ వలను వాడిరి, సూత్రము మాత్రమొకటే. 2015లో ఆయన మరణించినాడు. ఈనాడు సబ్బుపొర చేయుపనిని కంప్యూటరు చేయుచున్నది.

ఎడారిలో ఈ విద్య ఎట్లు పనిచేయునో హజ్ యాత్రకు వెళ్ళివచ్చిన మన హైదరాబాదీలు చెప్పగలరు. జెద్దా విమానాశ్రయమున 1981లో తెరచిన హజ్ టెర్మినలు మీద 210 గుడారములు కలవు. ఒక్కొక్కటి 45 మీటర్ల చదరము. టెఫ్లాన్ పూత పూసిన గాజునార గుడ్డ అది. దాని ఇంజనీర్లలో ఢాకాప్రాంతమున పుట్టిన ఫజ్లూర్ రహమాన్ ఖాన్ ముఖ్యుడు. వేడిగాలి శిఖరముల నడిమి రంధ్రములగుండ పైకి పోవుచుండును. ప్రక్కలనుండి గాలి వచ్చుచుండును. గుడ్డను నిలువుగోడగా వాడిన ఉదాహరణము దుబాయిలో నున్నది. 1999లో తెరచిన బుర్జ్ అల్ అరబ్ భవనపు ఒక ముఖమంతయు తెరచాపవంటి గాజునార గుడ్డయే. మనదేశమున ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ క్రీడారంగమునకు 2010లో ఇట్టి కప్పు వేసిరి. చెన్నపట్టణమున చేపాక్ క్రికెట్ మైదానమున 2011లో కట్టిన క్రొత్త వరుసలపై గుడ్డకప్పులు వేసి, వాటినడుమ సముద్రపుగాలి వచ్చుటకు ఖాళీలు విడిచిరి. ఈ ఖాళీల సంగతి మనము గుర్తుంచుకొనదగినది.

ఇక మన దారికి వత్తము. ఇచ్చట ఒక చిక్కు కలదు. మధ్యాహ్నపుటెండ ఏ దిక్కునుండి వచ్చునో, నైరుతి ఋతుపవనము కూడ ఆ దిక్కునుండియే వచ్చును. ఏప్రిల్, మే నెలలలో నీడకొరకు కట్టిన తెరయే జూన్ మొదలు గాలికి ఎదురురొమ్ముగా నిలువవలెను. 12 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల ఎత్తుగల తెరను తీసికొందము. గుడ్డ బరువు చదరపు మీటరునకు ఒక కిలో చొప్పున మొత్తము 120 కిలోలు. ఇద్దరు ముగ్గురు కూలీలు ఎత్తగలరు. అంతే వైశాల్యముగల తొమ్మిది అంగుళముల ఇటుకగోడ 50 టన్నులకు పైబడి యుండును. కాని పైన చెప్పిన గాలి ఆ తెరపై 14 టన్నుల బరువుతో పడును. గుడ్డ తేలికైనంత మాత్రమున పునాది తేలిక కాదు. నిజమునకు ఇచ్చట బరువును మోయుటకంటె లాగుడును పట్టి యుంచుటయే పునాది పని. పాతభవనపు పిట్టగోడకు కొక్కెములు బిగించి తెరను కట్టుట మహాప్రమాదము; ఆ గోడ లాగుడు కొరకు కట్టినది కాదు. తెరకు దాని స్తంభములు, దాని పునాదులు వేరుగా ఉండవలెను.

ఆ 14 టన్నులను తగ్గించు ఉపాయమొకటి కలదు. నిండుగుడ్డకు మారుగా సన్నని రంధ్రములుగల జల్లెడగుడ్డను వాడుట. గాలిలో కొంత భాగము దానిగుండ పోవును. ఎండలో అధికభాగము ఆగును. లోపలనున్నవారికి దారి కనబడును. ఆసుపత్రిలో మంచముమీదనున్న రోగికి, గ్రంథాలయములో పరీక్షలకు చదువుకొను విద్యార్థికి, వెలుపలి లోకము కనబడుట చిన్నవిషయము కాదు. గోడకును తెరకును నడుమ మనిషి నిచ్చెనతో నడచునంత, అనగా ఇంచుమించు మీటరు ఎడము విడువవలెను. ఆ సందులో వేడెక్కిన గాలి పైకి లేచును. పైభాగమును మూయక విడిచినచో అది వెడలిపోయి, క్రిందినుండి చల్లనిగాలి వచ్చును. తెర అడుగంచు మనిషి తలకంటె ఎత్తున ఉండవలెను. పైభాగమున కొంత మేర ముందుకు చాచి, నైరుతిముఖపు గోడతోపాటు దాని క్రింద నిలుచు వరుసకు కూడ నీడ కల్పింపవచ్చును. అట్లు చాచిన భాగమున గుడ్డకు మంచి వాలు తప్పక యుండవలెను. మా పాత తప్పిదము తిరిగి జరుగరాదు.

వాననీటి లెక్క మరువరాదు. గుడ్డ నీటిని పీల్చదు. 100 చదరపు మీటర్ల చూరుపై 5 సెంటీమీటర్ల వాన పడినచో 5,000 లీటర్ల నీరు అంచునకు వచ్చును. 2020 అక్టోబరు 13, 14 తేదీల కుంభవృష్టికి ఎల్.బి.నగర్, సరూర్‌నగర్ ప్రాంతపు కాలనీలు నీట మునుగుట మనమింకను మరువలేదు. కావున ఆ నీటిని దారిమీదికి విడువక, స్తంభముప్రక్క గొట్టముద్వారా ఇంకుడుగుంతకు చేర్చవలెను.

గుడ్డను కత్తిరించుట దర్జీపనివంటిది. వంపుగల దేహమునకు రవికె కుట్టవలెనన్నచో దర్జీ బల్లపరుపు గుడ్డను ముక్కలుగా కత్తిరించి, వంకరకుట్లతో కూర్చును. ఇచ్చటను అంతే. ముక్కలను వేడితో అతికింతురు. బిగించినపుడు గుడ్డ సాగును గనుక, ఎంత సాగునో ముందుగా పరీక్షించి అంతమేరకు చిన్నదిగానే కత్తిరింతురు. అంచులను నెలవంకవలె లోనికి వంచి, వాటిలో ఉక్కుత్రాడును జొనిపి, మూలలయందు మరలతో బిగింతురు. ఈ మరలు తరువాత తిరిగి బిగించుటకు వీలుగా నుండవలెను.

ఏ గుడ్డ మేలు? పి.వి.సి. పూతగల పాలిస్టరు గుడ్డ మెత్తనిది, మడతకు ఓర్చునది, చవుకైనది. మంచిరకము పదునైదు, ఇరువది యేండ్లు నిలుచును. టెఫ్లాన్ పూతగల గాజునార గుడ్డకు ఖర్చు ఎక్కువ. మడిచినచో నారలు విరుగును. కాని మంట అంటదు, వానకే మురికి పోవును. కాలిఫోర్నియాలోని లావెర్న్ విశ్వవిద్యాలయమున 1973లో అట్టి గుడ్డతో కట్టిన కప్పు దశాబ్దములపాటు నిలిచి ఈ గుడ్డ మన్నికను నిరూపించినది. మన దారిలో వాహనముల పొగ, దుమ్ము ఎక్కువ. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు నడక మొదలైనది; దానికై కట్టిన ఎత్తైన వంతెన దారినడుమ నిలిచియున్నది. కనుక ఏ గుడ్డయైనను ఏడాదికి రెండుమారులైన సబ్బునీటితో, మెత్తని గుడ్డతో కడుగవలసినదే. చవుకగుడ్డను కొని కడుగుట మానినచో మూడేండ్లలో అది మసిగుడ్డ యగును.

అగ్నిప్రమాదమునుగూర్చి రాజీ పడరాదు. 2023 మార్చి 16న సికింద్రాబాదు స్వప్నలోక్ భవనమున జరిగిన ప్రమాదములో ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక మరణించినారు. అక్కడి కారణములు వేరు. అయినను భవనములలో మంటకంటె పొగ ముందుగా ప్రాణము తీయునను పాఠము అందరిది. కిటికీలను కప్పివేయు తెర ఏదియైనను ఈ దృష్టితో పరీక్షింపబడవలెను. తెరపైభాగము తెరచి యుండవలెను. అగ్నిమాపకదళపు నిచ్చెన చేరుటకు నిర్ణీతమైన చోట్ల తెర లేకుండ విడువవలెను. బయటికి పోవు దారికి ఎదురుగా త్రాడుగాని, గుంజగాని ఉండరాదు. నిప్పును వ్యాపింపనీయని గుడ్డయని ధ్రువపత్రము లేనిదే కొనరాదు.

మరియొక ప్రమాదము మన అలవాటులలో నున్నది. గుడ్డ కనబడిన చోట బొమ్మ వేయవలెనను కోరిక మనకు మెండు. పండుగలకు, పుట్టినరోజులకు, ఎన్నికలకు ఆ తెరమీద మరియొక ఫ్లెక్సు కట్టినచో రంధ్రములు మూసికొనిపోవును. జల్లెడగుడ్డకు లెక్కకట్టిన గాలి ఒక్కసారిగా నిండుగుడ్డ గాలి యగును. కట్టినవాడు దిగిపోవును, తెర చిరిగిన నింద మాత్రము ఇంజనీరునకు వచ్చును. కావున ఈ తెరమీద ఏ ప్రకటనయు కట్టరాదని కట్టడపు ఒప్పందములోనే వ్రాయవలెను.

చివరిమాట పోషణనుగూర్చి. మన ప్రజాభవనములకు కట్టుటకు డబ్బు దొరకును, కాపాడుటకు దొరకదు. ఇటుకగోడ ఈ నిర్లక్ష్యమును చాలకాలము సహించును, గుడ్డగోడ సహింపదు. నులకమంచమువలెనే అదియు కాలక్రమమున వదులగును. మొదటి సంవత్సరమున ఒకమారు, పిదప ప్రతి వర్షాకాలమునకు ముందు ఒకమారు మరలను బిగింపవలెను. అరచేతియంత చిరుగును ఆనాడే అతికింపవలెను. బిగువులోనున్న గుడ్డలో చిరుగు ఆగక సాగును. గోటితో పోవుదానికి గొడ్డలి తెచ్చుకొనరాదు. ఇరువది యేండ్ల తరువాత గుడ్డ మార్చుటకయ్యెడు ఖర్చును కూడ మొదటి అంచనాలోనే చూపవలెను. ఈ బాధ్యతకు ఒక ఉద్యోగి, ఒక పుస్తకము, ఒక నిచ్చెన ఏర్పాటు చేయలేని సంస్థ గుడ్డగోడ జోలికి పోవుటకంటె, ఆ డబ్బుతో నాలుగు వేపచెట్లు నాటి, లోతుగల వసారా కట్టుకొనుట మేలని మా అభిప్రాయము.

దీనిని నిరుత్సాహపరచుటకు చెప్పుట లేదు. చక్కగా ఆలోచించి కట్టినచో ఈ గుడ్డగోడ తక్కువ సామగ్రితో ఎక్కువ నీడ నిచ్చును. పాతభవనమును పడగొట్టకుండ దాని బాధ తీర్చును. లోపలి శీతలయంత్రముల భారమును తగ్గించును. దాని మంచిచెడ్డలను రాత్రివేళ రంగుదీపములలో తీసిన ఛాయాచిత్రమును చూచి నిర్ణయింపరాదు. మే నెలలో మూడు గంటలవేళ దానిక్రింద నిలుచున్న వృద్ధుని అడుగవలెను. జూలైలో గాలివాన వెలసిన మరునాడు వచ్చి మూలలను చూడవలెను. ఆ రెండు పరీక్షలలో నెగ్గినదే మంచి కట్టడము. ఆనాడు మా గుడ్డక్రింద తడిసి, తిరిగి ఎండలోనికి పోయిన ఆ వరుసకు మేము ఇంకను ఋణపడి యున్నాము. ఆ ఋణము తీర్చు గుడ్డగోడ ఈ దారిలో ఎవరు కట్టినను మాకు సంతోషమే.